641 ఎక్కడినుంచి వచ్చింది?

4294967297. నాలాగా ప్రోగ్రాములు రాసుకుని బతికేవాళ్ళకి ఈ సంఖ్య పరిచయం లేకపోయినా దీని పక్కింటివాళ్ళు బాగా తెలుసు. ఒకటి తగ్గిస్తే 2^32, అంటే పాతరకం ఐపీ అడ్రసులు మొత్తం ఎన్నో అంత. రెండు తగ్గిస్తే 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య. అసలు సంఖ్యని ఆ 32 బిట్లలో కుక్కితే మిగిలేది 1!

దీని కథ 1640లో మొదలైంది. ఫెర్మా అనే ఫ్రెంచాయన టూలూజ్‌లో న్యాయస్థానం ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో లెక్కలు చేసుకునేవాడు. 3, 5, 17, 257, 65537 - ప్రతిదాన్నుంచీ ఒకటి తీసేసి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, మళ్ళీ ఒకటి కలిపితే తర్వాతది వస్తుంది. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మన సంఖ్య. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఆయన నమ్మకం. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ఐదు టెస్టు కేసులు పాసయ్యాయని కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెట్టేసినట్టన్నమాట.

1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ ఈ సంగతిని ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో, పాతికేళ్ళ వయసులో, ఆయిలర్ తేల్చేశాడు:

4294967297 = 641 × 6700417

641 ఎలా దొరికింది? ఆ కిటుకు తర్వాత ఇంకో వ్యాసంలో చెప్పాడు. ఈ సంఖ్యని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలో దొరికిపోతుంది!

సరిచూడ్డానికి భాగహారం కూడా అక్కర్లేదు. 641 అంటే 5×2^7 + 1. అదే 641 అంటే 5^4 + 2^4 కూడా. 641తో భాగించాక మిగిలే శేషాలే చూద్దాం. 5×2^7 అంటే -1. నాలుగో ఘాతం చేస్తే 5^4 × 2^28 అంటే 1. కానీ 5^4 అంటే -2^4. కాబట్టి -2^32 అంటే 1. ఒకటి ఇటు తెస్తే 2^32 + 1కి శేషం సున్నా. నాకు ఇది త్యాగరాజ కీర్తనలో సంగతిలా అనిపిస్తుంది.

నన్ను తొలిచేది వేరే విషయం. అదే 1640లో ఫెర్మా సరిగ్గా ఇలాంటి కిటుకే వాడి 2^37 - 1ని 223 భాగిస్తుందని పట్టుకున్నాడు. పనిముట్టు చేతిలోనే ఉంది, ఐదు భాగహారాల దూరం. చేసే ఉంటాడనీ, ఎక్కడో కూడికలో జారి ఉంటాడనీ నా అనుమానం.

తర్వాతి సంఖ్య, 2^64 + 1ని, 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి పెద్దాయన 82 ఏళ్ళ వయసులో విడగొట్టాడు. ఆ పైన తేలినవేవీ ప్రధాన సంఖ్యలు కావు. మొదటి ఐదు మాత్రం దర్జాగానే ఉన్నాయి: 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చని 1796లో గౌస్ చూపించాడు, 65537 మీ బ్యాంకు సైటు ఆర్‌ఎస్‌ఏ తాళంలో ఉండొచ్చు. ఇంకా తేలని వాటిలో మొట్టమొదటిది 2^(2^33) + 1. రాస్తే 258 కోట్ల పైచిలుకు అంకెలు.