మానవ హక్కుల డాక్యుమెంటరీలు: గ్రాంటు నిధుల చరిత్ర

మానవ హక్కులు, సామాజిక న్యాయం ఇతివృత్తాలుగా తీసే డాక్యుమెంటరీలకు ఫౌండేషన్లు, ప్రభుత్వ సంస్థలు, చిత్రోత్సవాలు తిరిగి చెల్లించే షరతు లేకుండా ఇచ్చే సొమ్మే గ్రాంటు. పెట్టుబడి పెట్టినవాడు లాభంలో వాటా అడుగుతాడు, టీవీ చానల్ ప్రసార హక్కులు రాయించుకుంటుంది. గ్రాంటు ఇచ్చేవాళ్లు సాధారణంగా ఆ రెండూ అడగరు. కానీ సినిమా ఎవరి గురించి, ఎందుకు తీస్తున్నారు, దానివల్ల ఏం మారుతుంది అన్న ప్రశ్నలకు దరఖాస్తులోనే జవాబు రాబట్టుకుంటారు.

తొలి దాతలు

ఫౌండేషన్లు రంగంలోకి రాకముందు డాక్యుమెంటరీలకు డబ్బు పెట్టింది ప్రభుత్వాలు, కంపెనీలు. 1935లో బ్రిటన్‌లో వచ్చిన ‘హౌసింగ్ ప్రాబ్లమ్స్’లో లండన్ మురికివాడల జనం కెమెరా ముందు నిలబడి తమ గోడు తామే చెప్పుకున్నారు. ఒకావిడ తన ఇంట్లో దూరిన ఎలుక సంగతి చెబుతుంది. ఈ చిత్రం ఖర్చు భరించింది గ్యాస్ పరిశ్రమ. పాత వాడలు పోయి కొత్త ఇళ్లు వస్తే గ్యాస్ పొయ్యిలకు గిరాకీ పెరుగుతుందన్నది వాళ్ల లెక్క. పేదల మాటను సూటిగా వినిపించిన తొలి చిత్రాల్లో ఇదొకటి అన్నది ఎంత నిజమో, ఆ లెక్క కూడా అంతే నిజం.

కెనడాలో నేషనల్ ఫిల్మ్ బోర్డు 1967 నుంచి 1980 వరకు ‘ఛాలెంజ్ ఫర్ చేంజ్’ పేరుతో ఒక కార్యక్రమం నడిపింది. ఫోగో ద్వీపంలో మత్స్యకారుల మాటలను చిత్రీకరించి, వాటిని మళ్లీ వాళ్లకే చూపించి చర్చ పెట్టడం దీని తొలి ప్రయోగాల్లో ఒకటి. 1968 డిసెంబరులో మోహాక్ ఆదివాసులు తమ హక్కుల కోసం కార్న్‌వాల్ దగ్గర వంతెన దారిని అడ్డగించి అరెస్టయ్యారు. ఆ ఘటనపై మరుసటేడు వచ్చిన ‘యు ఆర్ ఆన్ ఇండియన్ ల్యాండ్’ ప్రభుత్వ సొమ్ముతో ప్రభుత్వాన్నే నిలదీసింది. అలాంటి తెగువ ఆ తర్వాత ఏ దేశపు ప్రభుత్వ నిధిలోనూ తరచుగా కనిపించదు.

‘ఐస్ ఆన్ ది ప్రైజ్’

అమెరికాలో ఫౌండేషన్ల డబ్బు ఏం చేయగలదో, ఎక్కడ చాలదో రెండూ చూపించిన ఉదాహరణ ఇది. నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమంపై నిర్మాత హెన్రీ హాంప్టన్ తలపెట్టిన ఈ ధారావాహిక తొలి ప్రయత్నం ఒక వాణిజ్య టీవీ సంస్థ దగ్గర బెడిసికొట్టింది. తర్వాత ఫోర్డ్ ఫౌండేషన్ తదితరుల గ్రాంటులు పోగేసి పూర్తిచేశాక 1987లో ప్రజా ప్రసార వ్యవస్థ పీబీఎస్‌లో మొదటి 6 భాగాలు, 1990లో మరో 8 భాగాలు వచ్చాయి. బడుల్లో, కాలేజీల్లో అది పాఠంలా నిలిచింది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. అందులో వాడిన వార్తా దృశ్యాలు, ఫొటోలు, పాటల హక్కులను కొన్నేళ్లకే కొన్నారు, అంతకుమించి కొనే స్తోమత అప్పట్లో లేదు. 1990ల నడిమికి ఆ గడువులు తీరిపోవడంతో ధారావాహికను ప్రసారం చేయడానికీ, కొత్త కాపీలు అమ్మడానికీ వీల్లేకుండా పోయింది. పాత వీడియో క్యాసెట్లే దిక్కయ్యాయి. హాంప్టన్ 1998లో కన్నుమూశారు. చివరికి ఫోర్డ్ ఫౌండేషన్ మళ్లీ 6 లక్షల డాలర్లు ఇచ్చాకే హక్కులను పునరుద్ధరించి 2006లో తిరిగి ప్రసారం చేయగలిగారు. తీయడానికి డబ్బిచ్చే దాతలు ఆ సినిమాను బతికించుకోవడానికి ఇవ్వరన్న ఫిర్యాదుకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ప్రత్యేక నిధులు

మానవ హక్కుల చిత్రాలకంటూ విడిగా నిధి రావడం 1996లో జార్జ్ సోరోస్ సంస్థ నెలకొల్పిన సోరోస్ డాక్యుమెంటరీ ఫండ్‌తో ఊపందుకుంది. దాన్ని నడిపిన డయాన్ వైయర్‌మన్‌తోపాటే ఆ నిధి 2000ల మొదట్లో అమెరికాలోని సన్‌డాన్స్ సినిమా సంస్థకు మారింది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దర్శకుల కోసం ఆమ్‌స్టర్‌డామ్ చిత్రోత్సవం 1998లో యాన్ వ్రైమన్ పేరిట ఒక నిధి మొదలుపెట్టింది. ఇప్పుడు దాని పేరు ఇడ్ఫా బెర్తా ఫండ్. 2011లో ఫోర్డ్ ఫౌండేషన్ ‘జస్ట్ ఫిల్మ్స్’ను ప్రకటిస్తూ ఐదేళ్లకు 5 కోట్ల డాలర్లు కేటాయించింది.

ఇన్ని నిధులు వచ్చినా దర్శకులకు అన్నిటికంటే అవసరమైనది, అన్నిటికంటే కష్టంగా దొరికేది మొదటి డబ్బు. చేతిలో కొంత ఫుటేజీ ఉంటేనే దరఖాస్తుకు బలం, ఆ ఫుటేజీ తీయాలంటే ముందు డబ్బు కావాలి.

2008లో మొదలైన ‘గుడ్ పిచ్’ సభల్లో దర్శకులు దాతలు, ఉద్యమ సంస్థలు ఉన్న హాల్లో నిలబడి తమ కథ వినిపిస్తారు. అప్పటినుంచి సినిమాతోపాటు ‘ఇంపాక్ట్’ ప్రణాళిక, అంటే దానితో ఏ మార్పు ఎలా తెస్తారన్న వివరం, కూడా రాయాల్సి వస్తోంది. దీనివల్ల మేలు జరగలేదని కాదు. అమెరికా సైన్యంలో అత్యాచారాలపై తీసిన ‘ది ఇన్విజిబుల్ వార్’ను 2012 ఏప్రిల్‌లో రక్షణ మంత్రి లియోన్ పనెట్టా చూశారు. రెండు రోజులకే అలాంటి కేసుల విచారణ నిర్ణయాన్ని పై స్థాయి అధికారులకు అప్పగిస్తున్నట్టు ప్రకటించారు. అయితే ఫలితం ముందే రాసిపెట్టుకుని తీసే సినిమాలో సందేహానికి, వైరుధ్యానికి చోటు తగ్గుతుంది. ఆ విమర్శను దాతలు ఇంకా గట్టిగా ఎదుర్కోలేదు.

భారత్‌లో

1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ ప్రభుత్వ సంస్థ. దాని న్యూస్‌రీళ్లను సినిమా హాళ్లు తప్పనిసరిగా వేయాల్సి వచ్చేది. ప్రభుత్వాన్ని ప్రశ్నించే చిత్రాలు దాని బయటే పుట్టాయి. ఆనంద్ పట్వర్ధన్ జేపీ ఉద్యమం మీద, ఎమర్జెన్సీ ఖైదీల మీద తీసిన తొలి చిత్రాలు ఆ కోవలోవే. హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్ 1980లో తోటివారితో కలిసి ‘యుగాంతర్’ బృందం పెట్టారు. ఆ బృందం హైదరాబాద్‌లోని ‘స్త్రీశక్తి సంఘటన’ అనే మహిళా సంఘంతో కలిసి గృహహింసపై 1983లో తెలుగులో ‘ఇది కథ మాత్రమేనా’ తీసింది. 1984 హైదరాబాద్ మత ఘర్షణలపై దీప తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో’ 1986లో వచ్చింది. ఈ చిత్రాలను దశాబ్దాల తర్వాత డిజిటల్ రూపంలో పునరుద్ధరించింది మన సంస్థ కాదు, బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సినిమా సంస్థ.

2000లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో, ప్రసార భారతి భాగస్వామ్యంతో పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్టు వచ్చాక స్వతంత్ర దర్శకులకు చిన్న బడ్జెట్లు, దూరదర్శన్‌లో సమయం దొరికాయి. తర్వాత విదేశీ విరాళాల చట్టం బిగుసుకుంది. వార్తలు, వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలు తీసే సంస్థలు విదేశీ విరాళం తీసుకోవడాన్ని 2010 చట్టం నిషేధించింది. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు బదలాయించడాన్ని 2020 సవరణ ఆపేసింది. పెద్ద దాత నుంచి చిన్న బృందాలకు డబ్బు చేరే దారి దాంతో మూసుకుపోయింది. 2022లో ఫిల్మ్స్ డివిజన్‌ను కూడా జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు.

ఆ ఏడాదే ‘రైటింగ్ విత్ ఫైర్’ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. బుందేల్‌ఖండ్‌లో దళిత మహిళలు నడిపే వార్తా సంస్థ ‘ఖబర్ లహరియా’పై రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ తీసిన ఈ చిత్రం అంతకుముందే సన్‌డాన్స్ చిత్రోత్సవంలో రెండు అవార్డులు గెలిచింది. ఆస్కార్ వేడుకకు కొద్ది రోజుల ముందు, 2022 మార్చిలో, సినిమా చూపించింది తమ కథలో ఒక భాగమే తప్ప పూర్తి కథ కాదని ‘ఖబర్ లహరియా’ బహిరంగ ప్రకటన విడుదల చేసింది.