తాయెత్తుకు వోచరు లేదు

రిటైరయ్యాక సికింద్రాబాదు వదిలి సోంపేట దగ్గర మా ఊరికి కాపురం మారుద్దామనుకున్నాను. సామాను సర్దకముందే బంధువులు నాకు ఎలుగుబంటి పాఠాలు మొదలుపెట్టారు. ఉద్దానం జీడితోటల్లో ఎలుగులు తిరగడం కొత్త కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగు ఒకరిని చంపి, మరికొందరిని గాయపరిచింది. కాబట్టి భయం నిజమైనదే. ఉపాయాల సంగతే చూడాలి.

"పల్లానికి పరుగెత్తు బావా, జుట్టు కళ్ళమీద పడి దానికి దారి కనపడదు" అన్నాడు బావమరిది. పల్లమైనా మెరకైనా ఎలుగు మనకన్నా వేగంగా పరుగెత్తుతుంది. "చెట్టెక్కరా" అంది అక్క. ఇద్దరు మిత్రులు, ఎలుగుబంటి కథ ఆమె ఇంకా మరవలేదు. తేనె కోసం చెట్లెక్కే జంతువుతో, అరవై దాటిన మోకాళ్ళతో నేను పోటీపడాలన్నమాట! మా ఆవిడ ఇంకో మెట్టు ఎక్కి, నాకూ మనవడికీ చెరొక ఎలుగు వెంట్రుక తాయెత్తు కావాలంది.

వోచరు చూడందే బిల్లు పాస్ చేయని అలవాటు డిఫెన్స్ అకౌంట్స్‌లో పట్టుకుంది నాకు. తాయెత్తు లెక్కా తీశాను.

నా చిన్నతనంలో ఎలుగును ఆడించేవాళ్ళు వీధిలోకి వస్తే, దడుపు పోతుందని అమ్మ నన్ను దాని వీపు మీద కూర్చోబెట్టింది. పావలా ఇచ్చి వెంట్రుకలు కొని నా మెడలో కట్టింది. అసలు ఖర్చు ఆ పావలాలో లేదు. పిల్లల కోసం తల్లి ఎలుగును చంపేవారు. పిల్ల ముట్టెకు కాల్చిన సూదితో రంధ్రం చేసి తాడు ఎక్కించేవారు, పళ్ళు రాలగొట్టేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినా ఆట ఆగలేదు. ఆడించే కలందర్లకు వేరే బతుకుతెరువు చూపించాకే ఆగింది. వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్. సంస్థ 2009లో ఆఖరి ఆట ఎలుగును బన్నేరుఘట్ట చేర్చింది. ఇవాళ బజారులో అమ్మే ఎలుగు వెంట్రుక నిజమైతే నేరం, కాకపోతే మోసం.

శాస్త్రజ్ఞులు మాత్రం తప్పు చేయలేదా అంటారు. చేశారు. 1791లో జార్జ్ షా అనే ఆంగ్లేయుడు మన ఎలుగు పొడవాటి గోళ్ళూ, పై ముందుపళ్ళు రెండు లేకపోవడమూ చూసి, అమెరికా అడవుల్లో కొమ్మలకు వేలాడే స్లాత్ జాతిలో దాన్ని కలిపేశాడు. పళ్ళ మధ్య ఆ సందు చెదపురుగులను పీల్చుకోవడానికని తర్వాత తెలిసింది. జాతి పేరు దిద్దారు. 'స్లాత్ బేర్' అన్న ఇంగ్లీషు పేరులో మాత్రం ఆ పాత తప్పు అలాగే ఉండిపోయింది. లెక్కల్లో దీన్ని దిద్దుబాటు ఎంట్రీ అంటాం. తాయెత్తు ఖాతాలో అలాంటి ఎంట్రీ ఉండదు. కట్టుకున్నవాడు బతికితే దాని మహిమ, చస్తే వాడి కర్మ!

ఇక నా ఏర్పాట్లు. ఎలుగు మనల్ని వెతుక్కుంటూ రాదు. దగ్గరలో హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీదపడుతుంది. అందుకని చీకట్లో తోటకు ఒంటరిగా పోను. పోవలసి వస్తే చేతిలో టార్చి, నోట్లో పెద్దగా పాట. మీదపడితే బోర్లా పడుకుని మెడ మీద చేతులు కప్పుకుంటాను.

పాట రిహార్సలు విన్న మా ఆవిడ తాయెత్తు మాట ఎత్తడం మానేసింది. "మీ పాటకు ఎలుగే కాదండీ, ఊరూ ఖాళీ అవుతుంది" అంది.