వలసపోయిన మైక్రోనేసియా స్త్రీ - వైద్యం : ఒక చారిత్రక పరిశీలన

వలస స్త్రీలు వైద్యానికి ఎందుకు దూరమవుతున్నారని అడిగితే, 'వారి సంస్కృతే అడ్డు' అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సిగ్గు, అజ్ఞానం, భాష రాకపోవడం - అన్నీ రోగి లోపాలుగానే లెక్కకు వస్తాయి. ఈ జవాబులో ఎంత నిజముందో తేల్చుకోవడానికి, అమెరికాకు వలసపోయిన మైక్రోనేసియా స్త్రీల చరిత్రను పరిశీలించడం అవసరం.

పసిఫిక్ మహాసముద్రంలోని ఈ దీవులు రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో, ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వం పేరిట అమెరికా పాలనలోకి వచ్చాయి. ప్రజల ఆరోగ్యాన్ని కాపాడడం ఆ ధర్మకర్త ఒప్పుకున్న బాధ్యతల్లో ఒకటి. ఆ ధర్మకర్తే 1946కూ 1958కీ మధ్య మార్షల్ దీవుల్లోని బికినీ, ఎనివెటాక్‌లలో 67 అణుపరీక్షలు జరిపాడు. 1954 మార్చి 1న పేల్చిన 'బ్రావో' బాంబు శక్తి 15 మెగాటన్నులు. హిరోషిమా బాంబుకు సుమారు వెయ్యి రెట్లు. దాని బూడిద రోంగెలాప్ ప్రజల మీద, వారి తాగునీటి మీద రాలింది. వారిని అక్కడినుంచి తరలించింది రెండు రోజులు గడిచాక. 1957లో మళ్లీ అదే దీవికి చేర్చారు. అటుపైన అమెరికా వైద్యులు ఏటేటా వచ్చి, రక్తం తీసి, పరీక్షించి, లెక్కలు రాసుకుని వెళ్లారు.

ఆ లెక్కల్లోకి ఎక్కని బాధను స్త్రీలే లోకానికి చెప్పారు. 1983లో వాంకూవర్‌లో జరిగిన ప్రపంచ చర్చిల మహాసభలో డార్లీన్ కేజు అనే మార్షల్ దీవుల స్త్రీ, ఎముకలు లేకుండా జెల్లీ చేపల్లా పుట్టిన శిశువుల గురించి మాట్లాడింది. బ్రావో నాటికి ఎనిమిదేళ్ల పిల్ల అయిన లీజోన్ ఎక్నిలాంగ్, తనకు ఏడుసార్లు గర్భస్రావమైందని 1995లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు సాక్ష్యం చెప్పింది.

మార్షల్ దీవుల్లో భూమి హక్కు తల్లి వంశం ద్వారా సంక్రమిస్తుంది. కనుక దీవి నివాసయోగ్యం కాకపోవడమంటే స్త్రీ ద్వారా తరతరాలకు అందే ఆస్తి పోవడమే. అలాంటి స్త్రీ శ్రమశక్తి తప్ప మరేమీ లేనిదై వలస ఓడ ఎక్కింది, విమానమెక్కింది.

1986లో మార్షల్ దీవులతోను, మైక్రోనేసియా సమాఖ్యతోను, 1994లో పలావుతోను అమెరికా 'స్వేచ్ఛా సంబంధ ఒడంబడిక'ను అమలులోకి తెచ్చింది. ఆ సముద్రం మీద సైనికాధికారం అమెరికాకు దక్కింది. వీసా లేకుండా అమెరికాలో నివసించే, పనిచేసే హక్కు దీవుల ప్రజలకు దక్కింది. వేలమంది హవాయికి, ఆర్కన్సా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ కోళ్ల మాంసం ఫ్యాక్టరీలకు చేరారు. పన్నులు కట్టారు. వారి బిడ్డలు అమెరికా సైన్యంలో చేరారు.

1996లో వచ్చిన సంక్షేమ 'సంస్కరణ' చట్టం వీరిని మెడికెయిడ్‌కు, అంటే పేదల ప్రభుత్వ వైద్య బీమాకు, అనర్హులను చేసింది. డార్లీన్ కేజు రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది కూడా ఆ ఏడాదే. పరిశోధనకు పనికివచ్చినప్పుడు పిలవకుండానే డాక్టర్లను పంపిన రాజ్యం, అదే శరీరం చికిత్స కోరి గుమ్మం ముందుకు వచ్చినప్పుడు 'నీవు పరాయిదానివి' అన్నది.

హవాయి ప్రభుత్వం కొంతకాలం సొంత నిధులతో వైద్యం చేయించి, 2010లో కోత విధించింది. కోర్టు ఆపింది, 2014లో పై కోర్టు ప్రభుత్వ పక్షాన తీర్పిచ్చింది. 2015లో పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, వికలాంగులు తప్ప మిగతావారు ప్రైవేటు బీమా కొనుక్కోవలసి వచ్చింది. బిడ్డను మోస్తున్నంతకాలం స్త్రీ ప్రాణానికి ఒక విలువ. ఆ తర్వాత మరొకటి!

ఈ లోటును వ్యాపారంగా మార్చుకున్నవారూ ఉన్నారు. అరిజోనాలో కౌంటీ పదవిలో ఉన్న ఒక న్యాయవాది, మార్షల్ దీవుల గర్భిణులను డబ్బు ఆశ చూపి రప్పించి, వారి బిడ్డలను దత్తతకు ఇప్పించేవాడు. కాన్పు ఖర్చుల కోసం వారిని స్థానికులుగా అబద్ధం రాయించి మెడికెయిడ్‌లో చేర్పించాడు. 2019లో అరెస్టయి, 2020లో జైలు శిక్ష పొందాడు. న్యాయంగా దొరకని వైద్యం, బిడ్డను వదులుకున్న తల్లికి దొంగదారిన దొరికింది.

ఇప్పుడు 'సంస్కృతి' సంగతి చూద్దాం. సోదరుని ఎదుట స్త్రీ దేహ విషయాలు మాట్లాడకూడదనే కట్టుబాటు ఈ దీవుల్లో నిజంగానే ఉంది. ఆసుపత్రిలో దుబాసీ లేనప్పుడు కొడుకో, తమ్ముడో ఆ పని చేయాలి. గర్భాశయ ముఖద్వార పరీక్ష గురించి ఏ తల్లి ఆ నోటితో చెప్పించుకోగలదు? అడ్డుగా నిలిచింది ఆమె సిగ్గా, దుబాసీకి జీతమివ్వని వ్యవస్థా? ఫ్యాక్టరీలో సెలవు పెడితే ఆనాటి కూలి పోతుంది. కనుక జబ్బు ముదిరాకే ఆమె డాక్టరు దగ్గరకు వెళుతుంది. 2020 మార్చి-జూన్ నెలల్లో వాయవ్య ఆర్కన్సాలోని రెండు కౌంటీల్లో కోవిడ్‌తో చనిపోయినవారిలో 38 శాతం మార్షల్ దీవులవారే. అక్కడి జనాభాలో వారు మూడు శాతానికి మించరు.

2020 డిసెంబరులో మెడికెయిడ్ హక్కు తిరిగి వచ్చింది. దీనికోసం ఇరవైనాలుగేళ్లు పోరాడవలసి వచ్చింది. హక్కు వచ్చినంత మాత్రాన దుబాసీ రాడు, కూలి పోని సెలవు రాదు, పరీక్షించి వదిలేసిన డాక్టర్ల మీద పోయిన నమ్మకం అంతకన్నా రాదు. అవి ఇంకా సాధించుకోవలసినవే.

సాహిత్య విద్యార్థులు దీనినుంచి గ్రహించవలసినది ఒకటుంది. పీడితుల బాధను వారి స్వభావంగా చిత్రించే రచన, తెలిసో తెలియకో, చట్టం చేసినవాణ్ణి కథలోనుంచి తప్పిస్తుంది. కేజు, ఎక్నిలాంగ్ తమ గర్భశోకాన్ని చెబుతూ తేదీ చెప్పారు, బాంబు పేరు చెప్పారు, బాధ్యుడెవరో చెప్పారు. రోగి గురించి రాయబోయే రచయిత కూడా ఆ మూడు వివరాలనూ వదలకుండా రాయాలి.