పిడుదులు, చలిగీత, ఒంగోలు ఎద్దు

పోయిన వేసవిలో చలిజ్వరంతో, కాఫీ రంగు మూత్రంతో ఒక పెద్దాయన మా ఆస్పత్రికి వచ్చాడు. ఆయన రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఎర్ర కణాల్లో చిన్న చిన్న ఉంగరాలు కనిపించాయి. గుంటూరులో వైద్యం చదివినవాణ్ణి కదా, వెంటనే మలేరియా అనుకున్నాను. తీరా అడిగితే, ఆయన ఏళ్ళ తరబడి కనెక్టికట్ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు! అది మలేరియా కాదు, బెబీసియా. ఎలుకల రక్తంలో ఉండే ఈ పరాన్నజీవిని, జింకల మీద పెరిగే చిన్న పిడుదు మనిషికి చేరవేస్తుంది. మా వైపు పిడుదును గోమారి అని కూడా అంటారు.

ఈ జీవికి అన్నగారు ఒకటి ఉంది. అది పశువులది. దాని కథలో అమెరికా చరిత్ర, మన ఒంగోలు ఎద్దు, సికింద్రాబాదు కలిసి వస్తాయి. అందుకే ఈ వ్యాసం.

అంతర్యుద్ధం ముగిశాక టెక్సాస్ కాపరులు వేలాది పశువులను ఉత్తరానికి తోలుకెళ్ళేవారు. ఆ పశువులు చూడటానికి ఆరోగ్యంగానే ఉండేవి. కాని అవి మేసి వెళ్ళిన బీడులో నెలా నెలన్నర తరువాత మేసిన ఉత్తరాది పశువులు ఎర్రటి మూత్రం పోసి, గుంపులు గుంపులుగా చచ్చేవి. 1868లో ఇల్లినాయి రాష్ట్రంలో పెద్ద నష్టమే జరిగింది. మిస్సోరి, కాన్సాస్ రైతులు తుపాకులు పట్టుకుని టెక్సాస్ మందలను అడ్డగించారు. విచిత్రమేమంటే, చలికాలం రాగానే రోగం దానంతటదే మాయమయ్యేది!

చిక్కుముడి విప్పినవాడు థియోబాల్డ్ స్మిత్. ఈయన 1883లో ఆల్బనీలో వైద్య పట్టా పుచ్చుకున్న మనుషుల డాక్టరు. పశు వైద్యుడు కిల్‌బోర్న్‌తో కలిసి 1889 నుంచి వాషింగ్టన్ దగ్గర ప్రయోగాలు చేశాడు. రోగానికి కారణం పిడుదులేనని పశువుల కాపరులు ఎప్పటినుంచో అంటుంటే పండితులు నవ్వేవారు. స్మిత్ నవ్వలేదు, పరీక్షించాడు. దక్షిణాది పశువుల పిడుదులను ఒక్కొక్కటిగా చేత్తో ఏరేసి, ఉత్తరాది పశువులతో కలిపి కట్టాడు. రోగం రాలేదు. ఇంకో పొలంలో దక్షిణాది పశువే లేకుండా పిడుదులను మాత్రం చల్లాడు. రోగం వచ్చింది! ఈ ఫలితాలు 1893లో అచ్చయ్యాయి. పరాన్నజీవిని ఒక పురుగు మోసుకెళ్ళి రోగం అంటించగలదని పశువుల విషయంలో రుజువైంది. నాలుగేళ్ళ తరువాత, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది.

మరి చలికాలం సంగతేమిటి? కడుపు నిండిన ఆడ పిడుదు నేల మీద రాలి, వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. వేడి, తేమ ఉంటే గుడ్లు నెలలోపు పొదుగుతాయి. ఆ నెలా నెలన్నర రహస్యం ఇదే. గడ్డకట్టే చలిలో గుడ్లూ పిల్లలూ బతకవు. అంటే టెక్సాస్ జ్వరానికి సరిహద్దు గీసినది సర్కారు కాదు, శీతాకాలం. 1891లో ప్రభుత్వం వర్జీనియా నుంచి పడమటి దాకా దిగ్బంధ రేఖ గీసినప్పుడు, దాదాపు ఆ చలిగీతనే కాగితం మీద దించింది. గీతకు దక్షిణాన దూడలు పసితనంలోనే స్వల్పంగా జబ్బుపడి, ఆపైన జీవితాంతం తట్టుకునేవి. ఉత్తరాది పశువుకు ఆ అభ్యాసం లేదు.

1906లో పిడుదుల నిర్మూలన మొదలైంది. రెండు వారాలకోసారి పశువులన్నిటినీ ఆర్సెనిక్ కలిపిన తొట్లలో ముంచాలి. పెద్ద రాంచీల వాళ్ళకిది లాభమే, మార్కెట్లు తెరుచుకుంటాయి. రెండు ఆవులున్న బీద రైతుకు అవి అలవాటుగా బతుకుతూనే ఉన్నాయి. ఖర్చూ శ్రమా మాత్రం అతనివి. అందుకే కొన్నిచోట్ల ఆ తొట్లను డైనమైట్ పెట్టి పేల్చేశారు. వాళ్ళను మూర్ఖులనడానికి నాకు నోరు రాదు. ఫ్లోరిడాలో పిడుదుల కోసమని వేలాది జింకలను కూడా కాల్చేశారు. చివరకు 1943 నాటికి రియో గ్రాండే నది వెంట ఐదు వందల మైళ్ళ సన్నని పట్టీ తప్ప, దేశమంతా శుభ్రమైంది. ఆ పట్టీలో గుర్రాల మీద కావలి తిరిగే ఉద్యోగులు నేటికీ ఉన్నారు.

ఈలోగా టెక్సాస్ వాళ్ళు ఇంకో ఉపాయం పట్టారు. ఎండకూ పిడుదులకూ జడవని పశువు భారతదేశంలో ఉందని తెలిసి, 1906లో కొన్నిటిని ఓడలో తెప్పించారు. గుజరాత్ జాతులతోపాటు మన ఒంగోలు రక్తం కూడా కలిసి అమెరికన్ బ్రాహ్మన్ అనే జాతి తయారైంది. ఒంగోలు పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండేది కనుక, ఈ ఖండంలో దానికి నెల్లూరు అనే పేరే నిలిచింది. దాని పొట్టి వెంట్రుకల చర్మం మీద పిడుదు నిలదొక్కుకోవడం కష్టం.

అయితే మన దేశపు చుట్టం ఇంకొకటి ఎదురు పక్షం చేరింది! కింగ్ రాంచ్ వారు 1930 ప్రాంతాల్లో వేట సరదా కోసం వదిలిన మనుబోతులు వేల సంఖ్యలో పెరిగి, పిడుదులను మోస్తూ కంచెలు దాటి తిరుగుతున్నాయి. నది ఒడ్డున పెరిగిన పరాయి రెల్లు పొదలు వాటికి నీడా తేమా ఇస్తున్నాయి. మందులకు లొంగని పిడుదులు వస్తున్నాయి. చలికాలాలు మెత్తబడితే ఆ పాత గీత ఉత్తరానికి జరగవచ్చునని శాస్త్రజ్ఞుల భయం.

మా పేషెంటు సంగతీ ఇలాంటిదే. పూర్వం పొలాల కోసం నరికిన ఈ తూర్పు తీరపు అడవులు మళ్ళీ పెరిగాయి. జింకలు తిరిగి వచ్చాయి, వాటితో పిడుదులూ వచ్చాయి. ఈ తీరాన తొలి కేసు 1969లో నాన్‌టకెట్ ద్వీపంలో బయటపడింది. ఆయన మందులతో కోలుకున్నాడు. కాని వృద్ధులకూ, ప్లీహం తీసివేసినవారికీ ఇది ప్రాణాంతకం కావచ్చు. వేసవిలో మన ఊళ్ళనుంచి వచ్చిన అమ్మలూ నాన్నలూ గోంగూర మడిలో పనిచేసి లోపలికి వస్తే, మోకాళ్ళ వెనక, చంకల్లో ఓసారి చూడండి. జ్వరం వస్తే తోటపని సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మా తాతయ్య సాయంత్రాలు ఎడ్లకు పిడుదులు ఏరేవాడు. ఒక్కటీ నేల రాలనిచ్చేవాడు కాదు, అన్నీ కిరసనాయిలు డబ్బాలోకే. చిన్నప్పుడు నాకది చాదస్తంగా తోచేది. స్మిత్ గారి 1893 నివేదిక చదివాక గాని, నేల రాలిన ఒక్క పిడుదు ఎన్ని వేలవుతుందో, తాతయ్య ఎందుకంత పట్టింపుగా ఉండేవాడో నాకు బోధపడలేదు.