జోసెఫ్ స్మిత్ అసలు ఎలా ఉండేవారు?

1844 జూన్ 27 సాయంత్రం అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రం, కార్తేజ్ జైలు మీద ఓ గుంపు విరుచుకుపడింది. ఎవరూ పోల్చుకోకుండా చాలామంది ముఖాలకు మసి పూసుకుని వచ్చారు. మేడ మీది గదిలో ఉన్న మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌నూ, ఆయన అన్న హైరమ్‌నూ కాల్చి చంపారు. మరుసటి ఏడాది ఐదుగురిపై విచారణ జరిగింది. ఒక్కరికీ శిక్ష పడలేదు. హంతకుల ముఖాల సంగతి అంతటితో సరి. హతుడి ముఖం మీద తగువు మాత్రం ఇంకా తెగలేదు.

మర్నాడు మృతదేహాలను మిసిసిపీ ఒడ్డునున్న నావూ పట్టణానికి చేర్చారు. అక్కడ జార్జ్ కానన్ అనే ఆయన అన్నదమ్ములిద్దరి ముఖాలకూ ప్లాస్టర్‌తో అచ్చులు తీశారు. మూసిన కళ్లు, పొడుగాటి ముక్కు, వెనక్కి వాలిన నుదురు. స్మిత్ రూపానికి సంబంధించి ఇంతకన్నా నమ్మదగిన ఆధారం లేదు. అలాగని అది పూర్తి ఆధారమూ కాదు. ప్రాణం పోయాక కండరాలు జారతాయి, బుగ్గలు వాలతాయి. పైగా తూటాలు తగిలిన ఆయన మేడ కిటికీలోంచి కిందపడ్డారు. 38 ఏళ్ల మనిషి నవ్వితే ఎలా ఉండేవారో ప్లాస్టర్ చెప్పలేదు.

బతికుండగా వేసిన బొమ్మలు లేకపోలేదు. ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో డిజైన్లు గీసి వచ్చిన సట్‌క్లిఫ్ మాడ్స్‌లీ 1842లో స్మిత్‌ను పక్కనుంచి చూస్తూ గీశారు. వాటిలో ఆయన నావూ సైనికదళం అధిపతిగా యూనిఫాంలో కనిపించే బొమ్మ కూడా ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో డేవిడ్ రోజర్స్ అనే చిత్రకారుడి ముందు కూర్చున్నట్టు స్మిత్ దినచర్య పుస్తకంలోనే ఉంది. రోజర్స్ వేసిందిగా చెప్పే తైలవర్ణ చిత్రంలో తెల్లని కాలరు, నున్నగా దువ్విన జుట్టు, ఎక్కడా మడత నలగని మనిషి.

కళ్లతో చూసినవాళ్ల మాట ఇంకోలా ఉంది. హత్యకు నెలన్నర ముందు నావూ వచ్చిన జోసయా క్విన్సీ అనే బోస్టన్ పెద్దమనిషి, తర్వాతెప్పుడో తన జ్ఞాపకాల్లో స్మిత్‌ను వర్ణించారు: దృఢమైన ఒళ్లు, నీలికళ్లు, చారల ప్యాంటు, ఉతుకు చూసి చాలారోజులైన నార కోటు, మూడు రోజుల గడ్డం. అప్పటికి ఆయన అమెరికా అధ్యక్ష పదవికి అభ్యర్థి కూడా! చిత్రకారుడికి దొరికిన స్మిత్ వేరు, వాకిట్లో ఎదురుపడిన స్మిత్ వేరు.

మరి ఫొటో? డాగెరోటైప్ పద్ధతి 1839లో పారిస్‌లో వెల్లడైంది. లూషియన్ ఫోస్టర్ అనే ఫొటోగ్రాఫర్ 1844లో నావూలోనే ఉన్నారు. అంటే అవకాశం ఉంది, ఫొటోయే కనబడలేదు. ఆ వెలితిలోకి 2022లో ఓ లాకెట్ వచ్చింది. జేబుగడియారంలా ఉన్న దాన్ని స్మిత్ వంశస్థుడొకరు తెరిస్తే లోపల చిన్న డాగెరోటైప్! ప్లాస్టర్ అచ్చుతో కొలతలు పోల్చి, ఇది స్మితేనని కొందరు పరిశోధకులు ప్రకటించారు. తైలవర్ణ చిత్రానికీ దీనికీ పోలికే లేదని మరికొందరు కొట్టిపారేశారు. యూటా రాష్ట్రం సాల్ట్ లేక్ సిటీలోని ప్రధాన మోర్మన్ చర్చి ఏదీ తేల్చలేమంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ముఖం వెనక వారసత్వం ఉంది. స్మిత్ పోయాక ఆయన మతం చీలింది. నాయకుడు బ్రిగమ్ యంగ్ వెంట ఎక్కువమంది పడమటికి నడిచి 1847లో యూటా చేరారు. భార్య ఎమ్మా, పిల్లలు నావూలోనే ఉండిపోయారు. 1860లో పెద్దకొడుకు జోసెఫ్ స్మిత్ III నాయకత్వంలో వేరే చర్చి నిలదొక్కుకుంది. దాని నేటి పేరు కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్. తండ్రి బహుభార్యత్వాన్ని మొదలుపెట్టలేదని కొడుకు జీవితాంతం వాదించారు. యూటా చర్చి 1890లో ఆ ఆచారాన్ని విరమించినా, స్మిత్ దాన్ని పాటించారనే చెబుతూ వచ్చింది. ఒకే మనిషి, ఇద్దరు ప్రవక్తలు.

ఆయన దేహానికీ నిలకడ దక్కలేదు. శవాలను ఎత్తుకుపోతారన్న భయంతో ఇసుక నింపిన పెట్టెలను బహిరంగంగా పూడ్చి, అసలు దేహాలను రహస్యంగా పాతిపెట్టారు. డ్యామ్ వల్ల మిసిసిపీ నీటిమట్టం పెరగడంతో 1928లో తవ్వి తీసి, ఎమ్మా అస్థికలతో పాటు మళ్లీ ఖననం చేశారు.

సంఖ్యలో యూటా శాఖదే పైచేయి. సభ్యులు 1.7 కోట్ల పైమాటే. మన దేశంలో ఆ చర్చి తొలి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాలను కలిపిన ప్రాంతీయ విభాగం, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. రెండో శాఖ చిన్నదే అయినా నావూ ఇళ్లు, ఉత్తరాలు, కుటుంబ చిత్రాలు దాని దగ్గరే ఉండేవి. 2024 మార్చిలో ఆ లెక్కా మారింది. ఓహైయోలోని కర్ట్‌లాండ్ ఆలయంతో పాటు నావూ ఆస్తులనూ, పత్రాలనూ, జోసెఫ్, ఎమ్మాల అసలు చిత్రాలనూ యూటా చర్చి 19.25 కోట్ల డాలర్లకు కొనేసింది. కొడుకు శాఖకు కావలసింది డబ్బు, పెద్ద శాఖకు కావలసింది చరిత్ర. స్మిత్ ఎలా ఉండేవారన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు గానీ, ఆయన బొమ్మ ఎవరి గోడకు వేలాడాలన్న తగువు మాత్రం రిజిస్ట్రేషన్‌తో తీరిపోయింది.