పాత ట్రాక్టరుకు కొత్త ఇంజను

బండి పాతదే ఉంచి, జోరైన ఎద్దుల జతను కడితే ఏమవుతుంది? కాడి అయినా విరుగుతుంది, ఇరుసు అయినా విరుగుతుంది. ట్రాక్టరుకూ అంతే. ఇందుకు అమెరికాలో జరిగిన ముచ్చట ఒకటి వినండి.

ఫోర్డు కంపెనీ 1939లో తెచ్చిన 9ఎన్ ట్రాక్టరుకు ముందుకు మూడే గేర్లు. 1947లో వచ్చిన 8ఎన్‌కు నాలుగు. ఐనా దాని 120 ఘనపుటంగుళాల నాలుగు సిలిండర్ల ఇంజను కొందరికి చాలలేదు. కాన్సాస్ రాష్ట్రం కాఫీవిల్లులో విమానాలు చేసిన ఫంక్ సంస్థ, యుద్ధానంతరం వాటికి గిరాకీ తగ్గగా, 8ఎన్‌లో 226 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఫోర్డు ఇంజను బిగించే సామాను అమ్మింది.

ఇంజను దాదాపు రెట్టింపు. గేరుపెట్టె మాత్రం పాతదే! ఇక్కడే ఉంది కిటుకు. గేరు వేగాన్ని తగ్గించి, తిప్పుబలాన్ని పెంచుతుంది. కనుక ఇంజను తిప్పుబలం రెట్టింపైతే గేరుపళ్ళ మీదా, ఇరుసు మీదా పడే భారమూ రెట్టింపవుతుంది. నేల పట్టు ఉన్నంతవరకే లాగుడు. ఆపైన చక్రం ఊరకే తిరుగుతుంది. బరువులు కట్టి జారకుండా చేశామా, ఆ దెబ్బ పళ్ళకే తగులుతుంది.

అందుచేత ఇంజను మార్చదలచినవారు మూడు సంగతులు చూడాలి. గేరుపెట్టె ఎంత తిప్పుబలాన్ని ఓర్చుకుంటుంది? కొత్త ఇంజను నిమిషానికి ఎన్ని చుట్ల వద్ద బాగా లాగుతుంది? ఆ చుట్లకు దుక్కి గేరులో నడక గంటకు 4-6 కిలోమీటర్లకు కుదురుతుందా? మెకానిక్కుతో లెక్క కట్టించి, ఆ తరువాతే డబ్బు పెట్టండి. తొలకరిలో గేరుపెట్టె విరిగితే పోయేది పళ్ళు మాత్రమే కాదు, పదును కూడా.