కృపాసదనం నుంచి అరవై రోజుల గడువు వరకు



ఈసారి ఒక సున్నితమైన విషయాన్ని మీ ముందుంచుతున్నాను. మా నాగోలు, ఉప్పల్, నాచారం ప్రాంతాలలో చదువుల కోసం, ఉద్యోగాల కోసం సొంత ఊరు విడిచి వచ్చి హాస్టళ్లలోనూ అద్దె గదులలోనూ ఉంటున్న యువతులు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరికైనా అనుకోని గర్భం వస్తే మొదట కలిగేది భయం. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో, నలుగురూ ఏమంటారో అన్న ఆ భయమే ఆమెను మందుల షాపు మాత్రలకో, అర్హత లేని వైద్యుని గదికో తరుముతుంది. అధిక రక్తస్రావం, గర్భాశయానికి చీము పట్టడం, ఆ విషం రక్తంలోకి పాకడం వంటివి దాచినకొద్దీ ముదిరే ప్రమాదాలు. ఈ భయాన్ని పోగొట్టడానికి మన దేశంలో ఎవరు ఏమి చేశారు? ఆ కృషి ఎక్కడ ఫలించింది? ఎక్కడ దారి తప్పింది? ఈ చరిత్ర తెలుసుకోవడం ఆరోగ్యానికి సంబంధించిన పనే.

నుయ్యో గొయ్యో తప్ప దారి లేని కాలం

పందొమ్మిదో శతాబ్దంలో ఈ కష్టం ఎక్కువగా బాలవితంతువులది. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఊహ తెలిసేనాటికి వైధవ్యం. అటువంటి స్త్రీ గర్భవతి అయితే ఆమెకు మిగిలినవి నాటుమందు, నుయ్యి, లేదా పుట్టిన పసికందును చంపుకోవడం. 1860 నాటి శిక్షాస్మృతి శిశువు పుట్టుకను దాచి శవాన్ని మాయం చేయడాన్ని కూడా నేరంగా పేర్కొన్నది. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే వితంతువుకు శిశుహత్య నేరంపై మరణశిక్ష విధించి, తరువాత తగ్గించారు. ఆ బిడ్డకు తండ్రి ఎవరని అడిగినవారు అరుదు. ఆ ఆగ్రహంతోనే తారాబాయి షిండే 1882లో ‘స్త్రీ పురుష తులన’ రచించింది.

ఈ స్త్రీలకు తలుపు తెరిచిన తొలి వారిలో ఫూలే దంపతులు ఉన్నారు. 1863లో పూనాలో గర్భవతులైన వితంతువులు రహస్యంగా ప్రసవించడానికి వారు ఒక గృహం నడిపారు. అక్కడికి వచ్చిన కాశీబాయి బిడ్డను వారే దత్తత తీసుకున్నారు. ఆ యశ్వంతుడు పెరిగి వైద్యుడయ్యాడు. మన రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించి, ఆ దుఃఖానికి మూలకారణాన్నే ఎదుర్కొన్నారు. కరుణ ఏ ఒక్క మతానికీ చెందిన సొత్తు కాదనడానికి వీరే సాక్ష్యం.

రమాబాయి చూసిన కొత్త సంగతి

క్రైస్తవుల కృషిలో ముందుగా చెప్పుకోదగిన పేరు పండిత రమాబాయి. ఆమె బాల్యానికి మన నేలతో సంబంధం ఉంది. పురాణ కాలక్షేపంతో దేశం తిరుగుతున్న ఆ బ్రాహ్మణ కుటుంబం కరవు కాలంలో తిరుపతి అడవులలో ఆకులూ నీళ్లూ తిని పదకొండు రోజులు గడిపింది. పదహారేళ్ల వయసులో ఆమె తల్లిదండ్రులను పోగొట్టుకుంది.

1883లో ఇంగ్లండులో క్రైస్తవ మతం స్వీకరించిన రమాబాయిని అక్కడి సన్యాసినులు లండన్‌లోని ఫుల్హామ్ గృహానికి పంపారు. సంఘం ‘పతితలు’ అని వెలివేసిన స్త్రీలను అక్కడి సిస్టర్లు ప్రేమగా ఆదరించడం చూసి ఆమె విస్మయం చెందింది. అటువంటి వారిని అలా చూడవచ్చునన్న ఆలోచన తనకు అంతవరకు రాలేదని తానే రాసుకున్నది. కారణం అడిగితే వారు సమరయ స్త్రీతో యేసు మాట్లాడిన ఘట్టాన్ని చెప్పారు. 1899లో ఆమె పూనా సమీపాన కేడ్‌గావ్‌లోని ముక్తి ఆశ్రమంలో అటువంటి స్త్రీల కోసం ‘కృపాసదనం’ ప్రారంభించింది.

తెలుగునాట 1883లో గుంటూరు చేరిన లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కూగ్లర్ స్త్రీల కోసం ఆసుపత్రిని నిర్మించారు. పరపురుషుడైన వైద్యునికి నాడి కూడా చూపని కాలంలో, ఆడవారికి తమ కష్టాన్ని మరొక స్త్రీతో చెప్పుకునే చోటు దొరికింది. వైద్యంలో సగం అదే.

కరుణ వ్యాపారమైన వేళ

దీనికి మరో ముఖం కూడా ఉంది. దానిని దాచడం న్యాయం కాదు. 1999–2001 మధ్య మన హైదరాబాదులో కొన్ని దత్తత సంస్థలు దళారుల ద్వారా లంబాడీ తండాల నుంచి ఆడశిశువులను స్వల్ప మొత్తాలకు సేకరించి విదేశీ దత్తతకు పంపుతున్నాయన్న ఆరోపణలు వచ్చాయి. పోలీసులు కేసులు పెట్టారు. 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదరికం వంటి కారణాలతో బిడ్డలను సంస్థలకు అప్పగించే పద్ధతిని నిషేధించింది. తల్లి నిస్సహాయతకు వెల కట్టిన చోట సేవ అనే మాటకు అర్థం లేదు.

ఈ అనుభవాల నుంచే చట్టం పాఠం నేర్చింది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితికి అప్పగించవచ్చు. అయితే సమితి ముందుగా ఆమెతో మాట్లాడి, పరిస్థితి విచారించాలి. అప్పగించిన తరువాత కూడా మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంటుంది. బాలింత మనఃస్థితి తెలిసిన వైద్యునిగా ఆ అరవై రోజుల విలువ నాకు తెలుసు. ప్రసవించిన తొలి వారాలలో నిద్రలేమి, నీరసం, దిగులు ముప్పిరిగొంటాయి. ఆ స్థితిలో చేసిన సంతకమే ఆఖరి మాట కారాదు.

గర్భస్రావం విషయంలో క్రైస్తవులు, ముఖ్యంగా కాథలికులు, వ్యతిరేకతను దాచుకోరు. 1979లో నోబెల్ శాంతి బహుమతి స్వీకరిస్తూ మదర్ థెరిసా, గర్భస్రావానికి విరుగుడుగా దత్తతను సూచించారు. దేశ చట్టం వేరు. 1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. దాని ప్రకారం 20 వారాల వరకు ఒక అర్హుడైన వైద్యుని అభిప్రాయంతో, కొన్ని ప్రత్యేక పరిస్థితులలో 24 వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో గర్భవిచ్ఛిత్తికి వీలుంది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం అక్కరలేదు. 24 వారాల వెసులుబాటు అవివాహితలకూ వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుని బాధ్యత.

మీరు చేయగలిగినది

మీ విశ్వాసం ఏదైనా కావచ్చు. గర్భం కొనసాగించాలా, వద్దా, బిడ్డను పెంచుకోవాలా, అప్పగించాలా అన్న నిర్ణయం ఆ స్త్రీది. సాయానికి షరతు పెట్టకండి. మీ ఇంటి అమ్మాయి గాని, మీ ఇంట్లో అద్దెకున్న అమ్మాయి గాని ఈ మాట చెప్పుకుంటే, ‘ఎవరు? ఎలా?’ అన్న ప్రశ్నలు పక్కన పెట్టి, ‘భోజనం చేశావా? ఎన్నో నెల? ఆసుపత్రికి నేను తోడు వస్తాను’ అనండి. ఎన్ని వారాలైనదో త్వరగా తెలిస్తే ఆమె ముందు దారులు ఎక్కువ ఉంటాయి. ఒంటరిగా ఉన్నవారు మహిళల సహాయ సంఖ్య 181కి ఫోన్ చేయవచ్చు. బిడ్డ విషయంలో 1098 ఉంది.

ఫుల్హామ్‌లోని సిస్టర్లు రమాబాయికి చూపినది పెద్ద వైద్యమేమీ కాదు. వచ్చిన మనిషిని నిందించకుండా లోపలికి రానిచ్చారు. ఆ పనికి డాక్టరు పట్టా అవసరం లేదు.